కామెర్లని చెప్పి ఎన్నాళ్లు దాస్తారు?

ప్రశ్న: మా తమ్ముడికి 21 ఏళ్లు, ఇంజనీరింగ్ మూడో ఏడు. గంజాయికి అలవాటు పడ్డాడని మూడు నెలల క్రితం తెలిసింది. నాన్నకి గుండె ఆపరేషన్ అయిందని ఆయనకి చెప్పలేదు. చుట్టాలకి కామెర్లని చెప్పాం, పెద్దమ్మ నేల ఉసిరి పసరు తెచ్చి మరీ తాగిస్తోంది. బుద్ధొస్తుందని మొన్న 'హరే రామ హరే కృష్ణ' సినిమా పెట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాను. చివర్లో లేచి గదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నాడు. నాలుగు రోజులుగా నాతో మాటల్లేవు. ఏం చేయను?
– ఒక అక్క, హైదరాబాద్

జవాబు: అమ్మా, ముందు ఇది చెప్పండి, వేళకి అన్నం తింటున్నాడా? చచ్చిపోవాలనిపిస్తోందని గానీ, ఎవరో వెంటపడుతున్నారని, చెవిలో మాటలు వినిపిస్తున్నాయని గానీ అంటుంటే ఇది చదవడం ఆపేసి ఇవాళే సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి.

1971లో దేవానంద్ తీసిన ఆ సినిమా అనగానే అందరికీ ఖాట్మండు, హిప్పీలు, ఆ పొగ గుర్తొస్తాయి. నాకైతే కథ మొదలయ్యే మాంట్రియల్ (కెనడా) గుర్తొస్తుంది. అమ్మానాన్నలు విడిపోతే కూతురు జస్బీర్ తండ్రి దగ్గర మిగిలిపోతుంది, మీ అమ్మా అన్నయ్యా చనిపోయారని ఆ పసిదానికి అబద్ధం చెబుతారు. కథంతా అక్కడే చెడింది. ఏళ్ల తర్వాత అన్న వెతుక్కుంటూ వచ్చి దొరకబుచ్చుకున్నా, నన్ను ఈ స్థితిలో చూశారే అన్న సిగ్గుతోనే ఆ పిల్ల ప్రాణం తీసుకుంటుంది. మీరేమో గంజాయి ఎంత చెడ్డదో చూపిద్దామనుకున్నారు, లేని రోగానికి రోజూ పసరు తాగుతున్న మీ వాడికి మాత్రం అందులో ఆ సిగ్గే కనపడి ఉంటుంది.

అందుకని తలుపు దగ్గరికెళ్లి "ఆ సినిమా పెట్టడం నాదే పొరపాటురా" అనండి చాలు, లెక్చర్ వద్దు. మాట కలిశాక, ఎందుకు తాగుతున్నావని నిలదీయకుండా, తాగితే నీకు ఏం తగ్గుతోంది అని అడగండి. నిద్ర పట్టకపోవడమో, బ్యాక్‌లాగ్‌ల టెన్షనో, ఏదో ఒకటి బయటికొస్తుంది, డాక్టరుకి కావాల్సిందీ అదే.

ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వెళ్లొచ్చు. అంతదూరం రానంటే ముందు 14446కి ఫోన్ చేయించండి, ఇది మత్తు మానాలనుకునేవాళ్ల కోసమే ఉన్న ఉచిత నంబరు. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆగకండి. కొద్ది మోతాదుతో పట్టుబడి కేసైనవాడు కూడా, తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకి ముందుకొస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ 1985 నాటి మత్తుమందుల (ఎన్‌డీపీఎస్) చట్టంలోనే ఉంది. గొలుసులేసి కట్టేసే చోట్లకి మాత్రం ఎవరు చెప్పినా పంపొద్దు, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అది నేరం కూడా.

మానేసిన మొదటి వారం చిరాకు, నిద్రలేమి, అన్నం సయించకపోవడం ఉంటాయి, రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. మధ్యలో ఒకసారి జారితే మళ్లీ మొదటికొచ్చిందని ఏడవకండి, ఇలా జారడం మామూలే, మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లడమే.

నాన్న సంగతంటారా, ఆయన గుండె డాక్టర్ని ఒక్క మాట అడిగి, తమ్ముడి చేతే చెప్పించండి, పక్కన మీరుండండి. పెద్దమ్మకి మాత్రం ఇవాళే ఫోన్ చేసి, ఇక పసరు తేవద్దని చెప్పేయండి.