మనం దేన్నీ నిజంగా తాకడం లేదంటున్నారు, నిజమేనా?

"కుర్చీలో కూర్చున్నా నిజానికి దాని పైన తేలుతూనే ఉంటారు" అనే వీడియోలు నా ఫోన్‌లోకీ వస్తుంటాయి. అందులో సగం నిజం, మిగతా సగం మనచేత నోరు వెళ్లబెట్టించడానికి. నేను రేణిగుంట దగ్గర ఒక టూల్ రూమ్‌లో ఇన్‌స్పెక్షన్ చూస్తాను. ఒక ఇనుప ముక్క ఇంకోదానికి ఎక్కడ ఆనింది, ఎంత ఆనింది అన్నదే రోజూ నా గోల. అందుకని ఆ వైపు నుంచే చెప్తాను.

వీడియోల్లో చెప్పేదేంటంటే, ఎలక్ట్రాన్లన్నీ రుణావేశాలు, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, కాబట్టి మధ్యలో ఎప్పుడూ ఖాళీ ఉంటుంది అని. నెట్టుకోవడం నిజమే. కానీ పరమాణువు మొత్తంగా చూస్తే తటస్థం కదా, ఒట్టి ఆవేశాలతో కథ ముగియదు. ఇంటర్‌లో చదివిన పౌలీ వర్జన నియమం గుర్తుందా? 1925 నాటిది. ఒకే స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు ఉండలేవు. రెండు పరమాణువుల ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదానిలోకొకటి చొరబడితే కొన్ని ఎలక్ట్రాన్లు ఎక్కువ శక్తి ఉన్న స్థితులకు పోక తప్పదు. ఆ శక్తి మనం నొక్కి ఇవ్వాల్సిందే. చేతికి గట్టిగా తగిలేది ప్రధానంగా ఇదే. ఈ నియమం లేకపోతే పదార్థం ఇలా నిలబడదని 1967లో డైసన్, లెనార్డ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు లెక్కకట్టి నిరూపించారు కూడా.

ఇక ఆ "ఖాళీ" సంగతి. పరమాణువుకు గోడ అంటూ లేదు, మేఘం పలచబడుతూ పోతుందంతే. కాస్త ఎడంగా ఉంటే లాక్కుంటాయి, మరీ దగ్గరైతే నెట్టుకుంటాయి. రెండూ సరితూగే దూరం నానోమీటరులో (మిల్లీమీటరులో పది లక్షో వంతు) మూడో వంతుకు అటూఇటూ. ఒకే ఇనుప దిమ్మెలో పక్కపక్క పరమాణువుల కేంద్రాల మధ్య దూరమే 0.25 నానోమీటర్లు. దాన్నీ ఖాళీ అంటే మీ వేలిలోని అణువులు కూడా ఒకదాన్నొకటి తాకనట్టే లెక్క. అప్పుడు వేలూ కుర్చీ తాకలేదనడంలో విశేషమేముంది? నెట్టుడు బరువు మోస్తోందంటే అక్కడ తాకినట్టే. నా లెక్క అది.

నాకైతే అసలు వింత ఇంకోచోట ఉంది: తాకే చోటు మరీ తక్కువ. ఎంత నున్నగా రుద్దినా లోహం మీద గుట్టలూ గుంతలూ ఉంటాయి, ఆనేది గుట్టల కొసలే. 1939లో బౌడెన్, టేబర్ అనే శాస్త్రవేత్తలు విద్యుత్ నిరోధం కొలిచి ఈ సంగతి చూపించారు. లెక్క మీరూ వేసుకోవచ్చు. మైల్డ్ స్టీల్ బ్రినెల్ కాఠిన్యం 120 చిల్లర, అంటే ఒక చదరపు మిల్లీమీటరు దాదాపు 120 కిలోలు మోస్తుంది. కిలో బరువున్న దిమ్మెను స్టీల్ బల్ల మీద పెడితే కొసలు అణిగి, చదరపు మిల్లీమీటరులో సుమారు నూరో వంతు మేర మాత్రమే నిజంగా ఆనుతుంది. దిమ్మె అడుగు అరచేయంత ఉన్నా అంతే!

దీనికి పూర్తి విరుద్ధమైనది చూడాలంటే స్లిప్ గేజులు పట్టుకోవాలి. 1896లో స్వీడన్‌లో యోహాన్సన్ కనిపెట్టిన కొలత దిమ్మెలు ఇవి. ముఖాలు మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదో వంతు తేడా కూడా లేనంత చదును. బయట మే నెల ఎండ ఎంత మండనీ, మా గది 20 డిగ్రీల్లోనే ఉండాలి. గేజులను పెట్రోలుతో తుడిచి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఆనించి, మెల్లగా తిప్పుతూ జరిపితే ఒకచోట చేతికి పట్టు తెలుస్తుంది. ఆ తర్వాత పైదాన్ని ఎత్తితే కిందిదీ వేలాడుతూ వస్తుంది. గాలి ఒత్తిడి వల్ల అనుకుంటారు, కాదు, శూన్యంలోనూ పట్టుకుంటాయి. మధ్యలో మిగిలిన పలచటి నూనె, తేమ పొర, అణువుల మధ్య ఆకర్షణ, ఇవే కారణం. అలాగే రోజుల తరబడి వదిలేస్తే విడదీయడం కష్టం, ముఖాలు పాడవుతాయి. అందుకే సాయంత్రానికి విడదీసి, తుడిచి, నూనె రాసి పెట్టెలో పెట్టేస్తాం.

మరి ఇంట్లో గిన్నెలు ఎందుకు అతుక్కోవు? మధ్యలో ఆక్సైడు, జిడ్డు, దుమ్ము అడ్డం ఉంటాయి కాబట్టి. ఆ పొర చిరిగితే ఏమవుతుందో మా షాపులో ఐటీఐ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు చూశాడు. ఎస్‌ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) బోల్టుకు ఎస్‌ఎస్ నట్టు పొడిగానే మెషిన్‌తో సర్రున ఎక్కించాడు. సగంలో పట్టేసింది, ముందుకూ పోదు, వెనక్కీ రాదు. గ్రైండర్‌తో కోసి చూస్తే బోల్టు మరల మీద లోహం ముద్దకట్టి ఉంది. రాపిడికి క్రోమియం ఆక్సైడు పొర లేచిపోయి, పచ్చి లోహం పచ్చి లోహానికి తగిలి అతుక్కుపోయింది. గెలీలియో వ్యోమనౌక పెద్ద యాంటెన్నా 1991లో విచ్చుకోకపోవడానికి కారణం కూడా ఈ కోవదే, కందెన అరిగిపోయి పిన్నులు పట్టేశాయని ఇంజనీర్లు తేల్చారు.

ఆ బోల్టు తర్వాత మా దగ్గర యాంటీ సీజ్ పేస్టు (నట్లు పట్టేయకుండా రాసేది) డబ్బా బల్ల మీదే ఉంటోంది. ఇంట్లో ఎస్‌ఎస్ నట్లు బిగించే పని పడితే మీరూ కాస్త రాయండి, నెమ్మదిగా చేత్తో తిప్పండి.