దివ్యాంగుడైన కుమారుడి కోసం ట్రస్టు: ట్రస్టీగా ఎవరిని నియమించాలి?

ప్రశ్న: నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. గాజువాకలో నా స్వార్జితమైన రెండంతస్తుల ఇల్లు, బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. మా చిన్నబ్బాయికి 31 ఏళ్లు. సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు, తన వ్యవహారాలు తాను చూసుకోలేడు. మా దంపతుల తదనంతరం అతని పోషణకు ట్రస్టు ఏర్పాటు చేసి, అతని తర్వాత ఇల్లు పెద్దబ్బాయికి చెందేలా రాయాలనుకుంటున్నాను. పెద్దబ్బాయి అమెరికాలో స్థిరపడ్డాడు. అమ్మాయి పెళ్లయి సీతమ్మధారలో ఉంటోంది. పెద్దబ్బాయినే ఏకైక ట్రస్టీగా పెట్టమని బంధువులు అంటున్నారు. పెళ్లయిన ఆడపిల్ల ట్రస్టీగా చెల్లదని కూడా ఒకరు చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ పెద్దబ్బాయిని ఏకైక ట్రస్టీగా, అంటే ట్రస్టు ఆస్తిని చూసుకునే వ్యక్తిగా, నియమించవద్దని నా సలహా. అతని మంచితనాన్ని శంకించి ఈ మాట చెప్పడం లేదు. మీరు రాయదలచిన ఏర్పాటులో, తమ్ముడి మీద ఖర్చు చేయకుండా మిగిల్చిన ప్రతి రూపాయీ చివరికి తనకే దక్కే స్థానంలో అతను ఉంటాడు. ఎంత ప్రేమగల అన్న అయినా ఏళ్ల తరబడి అలాంటి స్థానంలో ఉంచదగినవాడు కాదు. ఫిజియోథెరపీ వారానికి మూడుసార్లా, ఒకసారా అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ అతని నిర్ణయాన్ని ఇతరులు అనుమానిస్తారు, ఒక్కోసారి తానే అనుమానించుకుంటాడు. 1882 నాటి భారతీయ ట్రస్టుల చట్టం 60వ సెక్షన్, లబ్ధిదారు (ఇక్కడ మీ చిన్నబ్బాయి) ప్రయోజనానికి విరుద్ధమైన ప్రయోజనం ఉన్న వ్యక్తినీ, విదేశంలో స్థిరనివాసం ఏర్పరచుకున్న వ్యక్తినీ ట్రస్టీగా తగినవారు కారని చెబుతోంది. మీ అబ్బాయికి ఈ రెండూ వర్తిస్తాయి. డబ్బు వసూలు, భద్రపరచడం ఉన్న ట్రస్టులో కనీసం ఇద్దరు ట్రస్టీలు ఉండాలని కూడా అదే సెక్షన్ వివరణలో ఉంది కనుక, మీ విషయంలో ఏకైక ట్రస్టీ అన్న ఆలోచనే సరైనది కాదు.

వివాహిత గురించి మీరు విన్నదానికి మూలం కూడా ఆ వివరణే. అయితే అందులో "లబ్ధిదారు వ్యక్తిగత చట్టం అనుమతిస్తే తప్ప" అన్న మినహాయింపు ఉంది. మీరు హిందువులైతే, హిందూ స్త్రీ పెళ్లయినా ఆస్తిని సొంతంగా కలిగి ఉండి నిర్వహించుకోగలదు కాబట్టి మీ అమ్మాయి ట్రస్టీ కావడానికి అడ్డంకి లేదు. పైగా ఆమె ఊళ్లోనే ఉంది. సముద్రపు గాలికి స్లాబులో ఇనుము తుప్పుపట్టి పెచ్చులూడడం మన విశాఖ ఇళ్లలో మామూలే. అలాంటి మరమ్మతును పై వాటా అద్దెదారు ఫోన్ చేసిన రోజే వెళ్లి చూడగలిగిన ట్రస్టీ ఉండడం చాలా అవసరం.

రెండో ట్రస్టీగా, ఆస్తిలో ఏ వాటా ఆశించని వ్యక్తిని ఎంచుకోండి. సాధారణంగా ఇలాంటి చోట బావమరిదినో పాత సహోద్యోగినో సూచిస్తుంటారు. వారి నిజాయితీతో పాటు వయసును కూడా లెక్కలోకి తీసుకోండి. లబ్ధిదారుకు 31 ఏళ్లు ఉన్నప్పుడు 70 ఏళ్ల ట్రస్టీ తాత్కాలిక ఏర్పాటు మాత్రమే అవుతాడు. నలభైలలో ఉన్న మేనల్లుడో, కుటుంబానికి తెలిసిన ఆడిటరో మేలు. చట్టం 50వ సెక్షన్ ప్రకారం డీడ్‌లో (ట్రస్టు పత్రంలో) రాయనిదే ట్రస్టీకి ప్రతిఫలం కోరే హక్కు ఉండదు. కాబట్టి బయటి వ్యక్తిని నియమిస్తే సముచితమైన వార్షిక రుసుము రాయండి. ఏళ్ల తరబడి ఉచితంగా చేయించుకునే పని మొదట ఆలస్యమవుతుంది, తర్వాత ఆగిపోతుంది.

చాలా డీడ్‌లలో నాకు కనిపించే లోపం మరొకటి ఉంది. 19వ సెక్షన్ ప్రకారం ట్రస్టీ సక్రమంగా లెక్కలు ఉంచి, లబ్ధిదారు అడిగినప్పుడు సమాచారం ఇవ్వాలి. అయితే మీ చిన్నబ్బాయి అడగలేడు. అడిగేవారు లేని చోట లెక్కలు క్రమంగా కాగితాల మీదకు రావడమే మానేస్తాయి. అందుకని ఏటా జూన్ నెలాఖరులోగా బ్యాంకు స్టేట్‌మెంటు, అద్దె రశీదులు, వైద్య ఖర్చుల బిల్లులతో సహా లెక్కలు ఫలానా వ్యక్తికి అందజేయాలని డీడ్‌లోనే రాయించండి. మీ పెద్దబ్బాయిని ఆ స్థానంలో పెట్టవచ్చు. చివరికి ఆస్తి తనది కనుక దుబారా జరగకుండా శ్రద్ధగా చూస్తాడు, ఖర్చును ఆపే అధికారం మాత్రం అతనికి ఉండదు. తమ్ముడి అవసరాలకు అద్దె, వడ్డీ చాలకపోతే అసలు సొమ్ము కూడా వాడవచ్చని స్పష్టంగా రాస్తే ఆ తర్వాత వివాదానికి చోటుండదు.

డీడ్‌లో వేరే నిబంధన లేకపోతే ట్రస్టీలందరూ కలిసే వ్యవహరించాలని 48వ సెక్షన్ చెబుతోంది. నెలవారీ ఖర్చులకు ఒకరి సంతకం, ఇంటి అమ్మకానికీ డిపాజిట్ల రద్దుకూ ఇద్దరి సంతకాలూ అని విడదీస్తే పనీ ఆగదు, రక్షణా తగ్గదు. ట్రస్టీ మరణించినా, దేశం విడిచి వెళ్లినా కొత్త ట్రస్టీని ఎవరు నియమించాలో కూడా పేరుతో రాయండి. ఆరు నెలలు వరుసగా దేశంలో లేకపోయినా 73వ సెక్షన్ కింద మార్చవచ్చు.

మీ తదనంతరమే అమల్లోకి రావాలనుకుంటే ట్రస్టును వీలునామా ద్వారా ఏర్పాటు చేయడం మేలు. అప్పుడు జీవించి ఉన్నంత కాలం ట్రస్టీ పేర్లు మార్చుకునే స్వేచ్ఛ మీకు ఉంటుంది. ఇప్పుడే డీడ్ రాస్తే, స్థిరాస్తి కనుక రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రద్దు చేసే అధికారాన్ని అందులో ప్రత్యేకంగా మీ చేతిలో ఉంచుకోకపోతే వెనక్కి తీసుకోవడం కష్టం.

ట్రస్టీ చూసేది ఆస్తిని మాత్రమే. మీ చిన్నబ్బాయి వయోజనుడు కనుక అతని తరఫున వ్యక్తిగత నిర్ణయాలకు సంరక్షకుడు వేరుగా కావాలి. సెరిబ్రల్ పాల్సీ 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం పరిధిలోకి వస్తుంది. కలెక్టరు ఆధ్వర్యంలోని స్థానిక స్థాయి కమిటీకి సంరక్షకుడి నియామకం కోసం మీరే ఇప్పుడు దరఖాస్తు చేసుకోండి.

పత్రం రాయించే ముందు మీ అమ్మాయితో, అల్లుడి గారితో కూర్చుని మాట్లాడండి. ట్రస్టుల చట్టం 10వ సెక్షన్ ప్రకారం ట్రస్టీ బాధ్యతను స్వీకరించమని ఎవరినీ బలవంతపెట్టలేము. ఒకసారి స్వీకరించాక మాత్రం కోర్టు అనుమతో, డీడ్ ఇచ్చిన అధికారమో లేకుండా వదిలి వెళ్లడం మీ విషయంలో కుదరదు, ఎందుకంటే విడుదలకు సమ్మతి తెలపగల స్థితిలో మీ చిన్నబ్బాయి లేడు. ఈ సంగతి ఆమెకు పూర్తిగా తెలియజేసి, ఆమె ఆలోచించుకోవడానికి వ్యవధి ఇచ్చి, ఆ తర్వాతే పేరు రాయించండి.