ఐదున్నర గంటలు కలిపేస్తే సరిపోదు

తమ్ముడూ,

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్ జోన్ మార్పిడి గురించి నువ్వు రాసిన డ్రాఫ్ట్ చదివాను. వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి, చదువుతుంటే ఎక్కడా ఆగాల్సిన పని పడలేదు. కానీ ఒక్క ఉదాహరణలోనూ సెషన్ టైమ్ జోన్ (ఆ కనెక్షన్‌లో టైమ్‌లను ఏ జోన్‌లో చూపించాలో చెప్పే సెట్టింగ్) ఏమిటో చెప్పలేదు. నీ లాప్‌టాప్‌లో అది ఏషియా/కోల్‌కతా కాబట్టి నీకు అన్నీ సవ్యంగానే కనిపించి ఉంటాయి. చదివేవాళ్ల సర్వర్ చాలాసార్లు యూటీసీలో (ప్రపంచమంతా ప్రామాణికంగా తీసుకునే టైమ్, మనకంటే ఐదున్నర గంటలు వెనక) ఉంటుంది. వాళ్లు అదే క్వెరీ నడిపితే నీ పేజీలో ఉన్న జవాబు రాదు, తప్పు తమదే అనుకుని తల పట్టుకుంటారు.

అసలు ఈ పేజీకి ఎవరొస్తారు? రిపోర్టులో టైమ్ తేడాగా వస్తోందేమిటని మేనేజర్ అడిగితే టెన్షన్‌లో వెతుక్కుంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్ల ముందు గ్రీన్‌విచ్ చరిత్ర పెట్టకు, ఆ పేరాలు తీసెయ్. మొదటి వాక్యంలోనే ఈ మాట రావాలి: ‘టైమ్‌స్టాంప్ విత్ టైమ్ జోన్’ అనే టైప్ ఏ జోన్‌నీ దాచుకోదు. ఇచ్చిన టైమ్‌ని యూటీసీలోకి మార్చి ఎనిమిది బైట్లలో పెట్టుకుంటుంది, అడిగినప్పుడు సెషన్ జోన్‌లోకి మార్చి చూపిస్తుంది. ఎంటర్ చేసినవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారా, డాలస్‌లో ఉన్నారా అన్నది అక్కడ మిగలదు. అది కావాలంటే జోన్ పేరుకి వేరే కాలమ్ పెట్టుకోవాల్సిందే. ఒరాకిల్ డేటాబేస్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు, ఎందుకంటే అక్కడ అదే పేరున్న టైప్ జోన్‌ని కూడా దాచుకుంటుంది.

ఇక క్వెరీలో జోన్ మార్చడానికి వాడే ‘ఎట్ టైమ్ జోన్’. దీన్ని నువ్వు రెండు లైన్లలో దాటేశావు. నన్నడిగితే పేజీలో సగం దీనికే ఇవ్వాలి. జోన్ లేని టైమ్‌స్టాంప్‌కి తగిలిస్తే ‘ఇది ఫలానా ఊరి గడియారంలోని టైమ్’ అని చెప్పినట్టు, ఫలితం జోన్ ఉన్న టైప్‌లో వస్తుంది. జోన్ ఉన్నదానికి తగిలిస్తే ‘ఆ ఊరి గడియారంలో ఎంతైందో చూపించు’ అని అడిగినట్టు, ఫలితం జోన్ లేకుండా వస్తుంది. ఒకే మాట రెండు వైపులా పనిచేస్తోంది కాబట్టి ప్రతి ఉదాహరణ పక్కనా లోపలికి వెళ్లిన టైప్ ఏది, బయటికి వచ్చింది ఏది అని రాయి. విసుగనిపించినా సరే.

జనం నిజంగా చేసే పొరపాటునే ఉదాహరణగా తీసుకో. జోన్ లేని కాలమ్‌లో యూటీసీ టైమ్‌లు ఉన్నాయనుకుందాం. అందులో 2026 జనవరి 15, 15:30 అని ఒక వరస. మన టైమ్ ప్రకారం అది రాత్రి 9 గంటలు. దానికి నేరుగా ‘ఎట్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా’ తగిలిస్తే, పోస్ట్‌గ్రెస్ ఆ 15:30 కోల్‌కతా టైమే అనుకుంటుంది. సెషన్ యూటీసీలో ఉంటే 10:00 అని వస్తుంది. సెషన్ కోల్‌కతాలో ఉంటే 15:30 అనే వస్తుంది, చివర +05:30 మాత్రం చేరుతుంది. ఏమీ జరగనట్టే ఉండే ఈ రెండోదే ప్రమాదం. సరైన దారి రెండు మెట్లు: ముందు ‘ఎట్ టైమ్ జోన్ యూటీసీ’, ఆ తర్వాత ‘ఎట్ టైమ్ జోన్ ఏషియా/కోల్‌కతా’. అప్పుడు ఏ సెషన్‌లోనైనా 21:00 వస్తుంది. తప్పుడు క్వెరీ, దాని రెండు ఫలితాలు, సరైన క్వెరీ మూడూ పక్కపక్కనే పెట్టు.

ఐఎస్‌టీ అని రాశావు, అది మార్చు. మామూలు సెట్టింగ్‌లో పోస్ట్‌గ్రెస్‌కి ఐఎస్‌టీ అంటే ఇజ్రాయెల్ టైమ్, యూటీసీకి రెండు గంటలు ముందు. మనది కావాలంటే సంక్షిప్త పేర్ల సెట్టింగ్‌ని ఇండియాకి మార్చాలి. 18వ వెర్షన్ నుంచి సెషన్ జోన్‌లో వాడే సంక్షిప్త పేర్లను ముందు చూస్తోంది కాబట్టి అక్కడ కథ వేరు. ఇంత గొడవ ఎందుకు, పూర్తి పేరే వాడమని చెప్పు. జోన్ పేరుగా ‘యూటీసీ+5:30’ అని రాసేవాళ్లనీ హెచ్చరించు: టైమ్ చివర +05:30 అంటే గ్రీన్‌విచ్‌కి తూర్పు, అదే జోన్ పేరులో వస్తే పడమర. ఆపరేటింగ్ సిస్టమ్‌ల పాత ప్రమాణం పోసిక్స్ పద్ధతి మరి, ఎవరినని ఏం లాభం!

‘ఐదున్నర గంటలు కలిపితే చాలు’ అన్న నీ వాక్యం కొట్టేశాను. మనకి గడియారం ముందుకీ వెనక్కీ జరిపే అలవాటు లేదు కాబట్టి మనవాళ్లందరికీ అలాగే అనిపిస్తుంది. కానీ డాలస్‌కీ మనకీ తేడా జనవరిలో పదకొండున్నర గంటలు, జులైలో పదిన్నర. మన జోన్ కూడా ఎప్పుడూ ఐదున్నరే కాదు: యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, ఆరున్నర. 1943 నాటి టైమ్ ఒకటి ఎంటర్ చేసి చూడు, +06:30 అనే వస్తుంది. దీన్ని పేజీలో పెట్టకపోయినా ఫరవాలేదు, నీకు తెలిసి ఉంటే చాలు.

డాలస్ కూడా వచ్చే అమెరికా/షికాగో జోన్‌లో, గడియారం వెనక్కి జరిపే 2026 నవంబరు 1న రాత్రి 1:30 రెండుసార్లు వస్తుంది. ముందుకి జరిపే మార్చి 8న 2:30 అసలు రానే రాదు. సెషన్ ఆ జోన్‌లో పెట్టి ఇవి రెండూ ఇస్తే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇవ్వదు. నవంబరు 1:30ని స్టాండర్డ్ టైమ్‌గా (గడియారం వెనక్కి జరిపాక వచ్చేదిగా) తీసుకుంటుంది, మార్చి 2:30ని 3:30 చేసేస్తుంది. ఎర్రర్ రాదన్న సంగతి బోల్డ్‌లో పెట్టు.

‘ఈ రోజు అమ్మకాలు’ లెక్క కూడా చేర్చాలి. సర్వర్ యూటీసీలో ఉంటే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 లోపు వచ్చిన మన ఆర్డర్లన్నీ ముందు రోజు ఖాతాలో పడతాయి. తేదీగా మార్చే ముందు కోల్‌కతా జోన్‌లోకి తేవాలని ఒక ఉదాహరణ ఇస్తే చాలు.

మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ గురించి రాసిన భాగాన్ని వేరే పేజీకి తీసుకెళ్లు. అక్కడ జోన్ మార్చే కన్వర్ట్ టీజెడ్ ఫంక్షన్‌కి జోన్ పేరు ఇస్తే, జోన్ టేబుళ్లు ఎక్కించకపోతే నల్ (ఖాళీ విలువ) వస్తుంది. ఆ ఇబ్బందులు వేరే, రెండూ కలిపితే చదివేవాళ్లకి అయోమయం.

ఉదాహరణలన్నీ ఒకసారి యూటీసీ సెషన్‌లో, ఒకసారి కోల్‌కతా సెషన్‌లో నడిపి, ఫలితాలు చేత్తో టైప్ చేయకుండా అలాగే కాపీ చేసి పంపు. ఏ వెర్షన్ మీద నడిపావో పైన రాయడం మరిచిపోకు.

మీ అన్నయ్య