అమ్మగారికి డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టాలా? నా అనుభవం

కావలిలో ఉంటున్న మీ అమ్మగారికి 61 ఏళ్లని, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నా మూడు నెలల సగటు షుగర్ (HbA1c) 9 దగ్గరే ఉందని రాశారు. డాక్టరు కొత్తగా డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్ర రాశారు. కిడ్నీలు పోతాయని ఇరుగుపొరుగు భయపెడుతున్నారు, వాడించాలా వద్దా అన్నది మీ ప్రశ్న. నేను డాక్టరును కాను, కొండపి దగ్గర పొగాకు రైతును. 14 ఏళ్లుగా షుగర్ ఉంది, ఇదే మాత్ర మూడేళ్లుగా వేసుకుంటున్నాను.

ఆ చీటీ జేబులో పెట్టుకుని నేనూ రెండు నెలలు తిరిగాను. ఒక రాత్రి నా మనసు మారింది. బ్యారన్‌లో పొగాకు క్యూరింగ్ (వేడితో ఆరబెట్టడం) జరుగుతోంది, వేడి చూసుకుంటూ భోజనం ఆలస్యం చేశాను. థర్మామీటరు చూద్దామని లేచేసరికి చేతులు వణికాయి. జనవరి చలిలో చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. గ్లూకోమీటరులో 52. మా ఆవిడ గ్లాసు నీళ్లలో పంచదార కలిపి తాగించింది. తేరుకోవడానికి పావుగంట పట్టింది. అలా షుగర్ పడిపోవడానికి కారణం పాత మాత్ర గ్లిమెపిరైడే. మనకు అలవాటైన మందు కాబట్టి మంచిదే అనుకుంటాం, దాని ప్రమాదం దానికీ ఉంటుంది.

మర్నాడే ఒంగోలు వెళ్లి డాక్టరుగారిని సూటిగా అడిగాను: ఈ మాత్రే నాకెందుకు? ఆయన చెప్పింది ఇది. కిడ్నీ రక్తాన్ని వడకట్టినప్పుడు చక్కెరను మళ్లీ ఒంట్లోకి తీసుకుంటుంది. ఈ మందు ఆ దారిని చాలావరకు మూసేసి, రోజుకు సుమారు 70 గ్రాముల చక్కెరను మూత్రంలో వెళ్లిపోనిస్తుంది. భోజనం తప్పినా, ఇది ఒక్కటే షుగర్‌ను ప్రమాదకరంగా పడేయడం అరుదు. కిడ్నీల భయం సంగతీ అడిగాను. 2019, 2020లో వెలువడిన పెద్ద అధ్యయనాల్లో గుండె వైఫల్యం ఉన్నవారికీ, కిడ్నీ జబ్బు ఉన్నవారికీ, షుగర్ లేకపోయినా సరే, ఈ మందు మేలు చేసిందన్నారు. మనం కొత్త అంటున్నాం కానీ ఐరోపాలో దీనికి 2012లోనే అనుమతి వచ్చింది. అయితే కిడ్నీ పనితీరు బాగా తగ్గిపోయినవారిలో ఇది షుగర్‌ను పెద్దగా దించదు. అందుకే మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. పశ్చిమ ప్రకాశంలో కిడ్నీ జబ్బులు చూసి చూసి భయపడే మనవాళ్లకు ఆ రెండు కాగితాలు చేతిలో ఉంటే సగం దిగులు తీరుతుంది.

నాకు గ్లిమెపిరైడ్ సగానికి తగ్గించి దీన్ని ఉదయం పూట కలిపారు. మూడు నెలలకు నా సగటు షుగర్ 8.6 నుంచి 7.4కు వచ్చింది, మూడు కిలోలు తగ్గాను. ఆ చలికాలపు రాత్రి మళ్లీ ఎదురుకాలేదు.

ఇబ్బందులూ చెప్పాలి. మొదటి వేసవిలో, రోహిణి కార్తెలో, వేలం కేంద్రంలో బేళ్ల దగ్గర కూర్చుని లేవగానే కళ్లు చీకట్లు కమ్మాయి. మాత్ర వల్ల ఒంట్లో నీరు ఎక్కువగా పోతోంది, పైగా నా బీపీ మాత్రలోనూ మూత్రం ఎక్కువ చేసే మందు ఉంది. డాక్టరు ఆ బీపీ మందు మార్చారు. మీ అమ్మగారు బీపీకి ఏం వాడుతున్నారో తప్పకుండా చూపించండి. కావలి ఎండలూ తక్కువేమీ కాదు.

ఇంకొకటి, ఇది ఆడవాళ్లకు మరీ ముఖ్యం. మూత్రంలో చక్కెర ఉంటుంది కాబట్టి జననాంగాల దగ్గర ఫంగస్, దురద రావచ్చు. పూతమందుతో తగ్గిపోతుంది, నాకూ తగ్గింది. కానీ అమ్మ కొడుకుతో ఈ మాట చెప్పదు. మీ భార్యనో అక్కచెల్లెళ్లనో నెలకోసారి అడగమనండి, దాచుకుని బాధపడితే అదే ముదురుతుంది.

ఈ మాత్ర ఆపాల్సిన రోజులున్నాయి, వీటిని మాత్రం గట్టిగా పట్టుకోండి. వాంతులు, విరేచనాలు, ఏమీ తినలేని జ్వరం వస్తే ఆపి డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందే ఆపిస్తారు. నా హెర్నియా ఆపరేషన్‌కు అలాగే ఆపించారు. అరుదుగా షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లాలు పెరిగిపోతాయి. విపరీతమైన వికారం, కడుపునొప్పి, ఆయాసం దాని గుర్తులు, అప్పుడు నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి. మీ అమ్మగారు కార్తీక సోమవారాలు, ఏకాదశి పూర్తి ఉపవాసం ఉంటారా? అన్నం మొత్తం మానేసే ఆలోచన ఉందా? ఈ మందుతో ఆ రెండూ డాక్టరును అడగకుండా చేయకూడదు.

ఖర్చు సంగతంటే, పేటెంట్ గడువు 2020లో తీరిపోయాక చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది. జన ఔషధి దుకాణంలో అడిగి చూడండి.

మీరు చెప్పినదాన్ని బట్టి, కిడ్నీ పరీక్షలు బాగుంటే నేనైతే మా అమ్మకు మొదలుపెట్టించేవాణ్ణి. మొదలుపెట్టాక మూత్ర పరీక్ష చేయిస్తే చక్కెర నాలుగు ప్లస్‌లు అని వస్తుంది. ఆ కాగితం చూసి మా ఇంట్లో అందరం కంగారుపడ్డాం. అది మందు పనిచేస్తున్న గుర్తే అని అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.