చితాభస్మంతో లాకెట్: అడుగున పేరుకోవడం, బుడగలు

లాకెట్ చేద్దామని అమ్మగారి భస్మం రెజిన్‌లో (అచ్చులో పోస్తే గట్టిపడే పారదర్శక ద్రవంలో) కలిపితే అడుగుకు దిగి నల్లబడిందని, నిండా బుడగలు వచ్చాయని రాశారు. ఇక మిగిలింది చెంచాడే అన్న మాట చదివి మనసు కలుక్కుమంది. ముందుగా ఒక్క మాట: ఆ చెంచాడులో సగం చిన్న సీసాలో వేసి మూత బిగించి పక్కన పెట్టండి. దాన్ని ఇక ముట్టుకోవద్దు.

మనం బూడిద అంటున్నా, అది నిజానికి పొడి చేసిన ఎముక, చాలావరకు కాల్షియం ఫాస్ఫేట్. వేళ్ల మధ్య రాస్తే సన్నని ఇసుకలా గరగరలాడుతుంది. రెజిన్ కంటే బరువు కాబట్టి మునుగుతుంది. గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది, రేణువుల మధ్య గాలి కూడా ఉంటుంది. మీ బుడగలు అక్కడివే. తడిసిన ఇసుక నల్లగా కనిపించినట్టే ఇదీ రెజిన్‌లో ముదురుతుంది. మీ చేతి తప్పేమీ లేదు.

ఈసారి భస్మాన్ని సన్నని జల్లెడ పట్టి, తక్కువ వేడి మీద బాగా ఆరబెట్టి చల్లార్చండి. అచ్చులో పలచగా ఒక పొర రెజిన్ పోసి, అది తేనెలా చిక్కబడేదాకా ఆగండి. అప్పుడు చిటికెడు చల్లితే ఎక్కడ పడింది అక్కడే నిలుస్తుంది. గట్టిపడ్డాక పై పొర పోయండి. తెల్లదనం కావాలంటే భస్మం కింది పొరలో కొద్దిగా తెల్లరంగు కలపండి. ఇదంతా మొదట మామూలు ఇసుకతో రెండుసార్లు చేసి చూడండి, దయచేసి. గాలి ఆడే చోట, చేతి తొడుగులతోనే పని చేయండి.

పాడైందనుకున్న ఆ మొదటి లాకెట్‌ను పారేయకండి. అందులోనూ అమ్మే ఉన్నారు. పైభాగాన్ని తడి గరుకు కాగితంతో రుద్ది, పలచగా మరో పొర పోస్తే పైనున్న బుడగల గుంటలు పూడుకుంటాయి.