మహా మాంద్యం: షేర్ మార్కెట్ వల్లా, బ్యాంకుల వల్లా?

ప్రశ్న: మా అబ్బాయి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. 1929లో షేర్లు కుప్పకూలడం వల్లే ఆర్థిక మహా మాంద్యం వచ్చిందని ఒక పుస్తకంలో ఉంది. కాదు, అమెరికా కేంద్ర బ్యాంకే కారణమని ఇంకోదాంట్లో ఉంది. ఏది రాయాలి సార్?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండోదే నిజానికి దగ్గరమ్మా. షేర్లు పడ్డ మాట వాస్తవమే. కానీ 1930 ఏప్రిల్‌కల్లా అక్కడి షేర్ల ధరల సూచీ డౌ జోన్స్, పోయినదాంట్లో దాదాపు సగం తిరిగి రాబట్టుకుంది. మామూలు మాంద్యాన్ని మహా మాంద్యం చేసింది బ్యాంకుల పతనం.

1930 డిసెంబర్ 10న న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక చిన్న వ్యాపారి, తన బ్యాంకు షేర్లు అమ్మిపెట్టమని ఆ బ్యాంకు బ్రాంచికే వెళ్లాడు. మంచి షేర్లు, ఉంచుకోమని సిబ్బంది సర్దిచెప్పారు. అతను బయటికొచ్చి, అమ్మనివ్వడం లేదని నలుగురికీ చెప్పాడు. ఇంకేముంది, కాసేపట్లోనే వేలమంది ఎగబడ్డారు. మర్నాడు ఆ బ్యాంకు తెరుచుకోలేదు. పేరు బ్యాంక్ ఆఫ్ యునైటెడ్ స్టేట్స్ అయినా అది ప్రైవేటుదే. అందులో డబ్బు దాచుకున్న 4 లక్షల పైచిలుకు మందిలో ఎక్కువమంది బట్టలు కుట్టే కార్మికుల్లాంటి వలస జనం. కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ దాన్ని ఆదుకోలేదు.

1933కల్లా సుమారు 9 వేల బ్యాంకులు మూతబడి, దేశంలో డబ్బు మూడో వంతు తరిగిపోయింది. అలా తరిగిపోనిచ్చింది ఫెడరల్ రిజర్వేనని 1963లో ఆర్థికవేత్తలు మిల్టన్ ఫ్రీడ్‌మన్, అన్నా ష్వార్ట్జ్ లెక్కలతో చూపించారు. 2002లో ఫ్రీడ్‌మన్ 90వ పుట్టినరోజు సభలో, అప్పటి ఫెడరల్ రిజర్వ్ బోర్డు సభ్యుడు బెన్ బెర్నాంకీ తప్పు తమదేనని ఒప్పుకుని క్షమాపణ చెప్పారు. మన గైడ్లు ఇంకా షేర్ల దగ్గరే ఆగిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

ఎందుకలా చేశారంటే, బంగారం కోసం. అప్పట్లో డాలర్ బంగారానికి కట్టుబడి ఉండేది, అంటే డాలర్లు తెచ్చిస్తే నిర్ణీత ధరకు బంగారం ఇవ్వాల్సిందే. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ ఆ కట్టు తెంచుకోగానే అమెరికా బంగారం తరలిపోసాగింది. డబ్బు బయటికి పోకుండా దాన్ని ఆపడానికి, అక్టోబర్‌లో బ్యాంకులకిచ్చే అప్పుపై వడ్డీని 1.5 నుంచి 3.5 శాతానికి పెంచారు. అదీ, ఉద్యోగాలు ఊడి జనం అల్లాడుతున్నప్పుడు! ముందుగా బంగారాన్ని వదిలేసిన బ్రిటన్, స్వీడన్ ముందే కోలుకున్నాయి. 1936 దాకా పట్టుకు వేలాడిన ఫ్రాన్స్ ఆలస్యంగా తేరుకుంది.

అబ్బాయిని 1929తో ఆపకుండా, 1930 డిసెంబర్, 1931 అక్టోబర్ కూడా తప్పకుండా రాయమనండి. దిగుమతులపై పన్నులు పెంచిన 1930 నాటి స్మూట్-హాలీ సుంకాల చట్టానికి ఒక వాక్యం చాలు.