రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో వంకరపోయిన వేళ్లకు కీలు మార్పిడి చేయిస్తే చెయ్యి మామూలైపోతుందా?

పూర్తిగా మునుపటిలా కాదు. నొప్పి బాగా తగ్గుతుంది, చిటికెన వేలి వైపు ఒరిగిపోయిన వేళ్లు చాలావరకు తిన్నగా వస్తాయి. అన్నం కలుపుకోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం తేలికవుతుంది. పట్టు బలం మాత్రం పెద్దగా పెరగదు. ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే తెలిసి ఉండాలి.

ఎక్కువగా మార్చేది వేళ్ల మొదట్లో, పిడికిలి బిగిస్తే పైకి పొడుచుకొచ్చే కీళ్లను. పాడైన ఎముక చివర కోసేసి, మధ్యలో వంగే సిలికాన్ ముక్క పెడతారు. 1960లలో అమెరికా డాక్టర్ ఆల్ఫ్రెడ్ స్వాన్సన్ రూపొందించిన ఈ పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ ముక్కకున్న రెండు కాడలు ఎముకల లోపలికి దూరతాయి, సిమెంటుతో అతికించరు. చుట్టూ శరీరమే ఒక పొర కట్టి కీలును నిలబెడుతుంది. ఆ పొర గట్టిపడే వారాల్లో వేళ్లు ఎటు కదిలితే అటే అలవాటు పడతాయి. అందుకే స్ప్లింట్ (వేళ్లను తిన్నగా పట్టి ఉంచే పట్టీ), ఫిజియోథెరపీ కూడా ఆపరేషన్ అంత ముఖ్యం. అన్నాళ్లూ ఇంటిపని పక్కన పెట్టాల్సిందే, ఇంట్లోవాళ్లే సర్దుకోవాలి.

ఏళ్లు గడిచేకొద్దీ సిలికాన్ విరగొచ్చు. నొప్పి లేకపోతే చాలామందికి మళ్లీ ఆపరేషన్ అవసరం పడదు. మణికట్టు కూడా వంకరపోయి ఉంటే సాధారణంగా ముందు దాన్ని సరిచేస్తారు. ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మందును ఆపరేషన్ కోసమని మీ అంతట మీరు ఆపేయకండి, మామూలుగా దాన్ని కొనసాగిస్తారు. ఇదే జబ్బుకు ఇచ్చే బయోలాజిక్ రకం ఇంజెక్షన్లు ఎప్పుడు ఆపాలో రుమటాలజిస్టును (కీళ్లవాతం డాక్టరును) అడగండి.